డ్యూటీలో దెబ్బ తగిలితే సర్కారు ఉద్యోగికి పరిహారం రాదని ఎవరు చెప్పారు?

ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒకటే. 'మాది ప్రభుత్వ ఉద్యోగం కదా, వర్క్‌మెన్ కాంపెన్సేషన్ మాకు వర్తించదంట, నిజమేనా?' అని. నిజం కాదు. ఆ మాట నమ్మి ఎన్నో కుటుంబాలు లక్షలు పోగొట్టుకుంటున్నాయి, అందుకే ఈ సంచికలో మొత్తం చోటు ఈ ఒక్క విషయానికే ఇస్తున్నాం. అడిగినవాళ్ల పేర్లు, వాళ్ల ఆఫీసుల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. వయసు 40. 2025 ఆగస్టులో గేర్‌బాక్స్ దించుతుంటే జాకీ జారి కుడిచేతి బొటనవేలు నలిగిపోయింది, ఆసుపత్రిలో వేలు మొత్తం తీసేశారు. ఆపరేషన్ ఖర్చు ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు మీద జరిగిపోయింది, సెలవు కూడా ఇచ్చారు. పరిహారం సంగతి అడిగితే 'మీరిప్పుడు గవర్నమెంట్ ఎంప్లాయీస్, ఆ చట్టం ప్రైవేటు ఫ్యాక్టరీలకి' అన్నారు. ఇంక చేసేదేమీ లేదా సార్?
— ఒక సోదరి, తిరుపతి

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులైన మాట నిజమే, కానీ దానివల్ల ఈ హక్కు పోలేదు. 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం, 2010 నుంచి దాన్నే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అన్నారు, మీ ఆయనకి దెబ్బ తగిలిననాటికి అమల్లో ఉన్నది అదే (2025 నవంబరులో మారిన సంగతి చివరి జవాబులో చెప్పాను), అందులో సెక్షన్ 2(2) అని ఒకటుంది. ప్రభుత్వ శాఖ గానీ స్థానిక సంస్థ గానీ తన అధికారాల కింద చేసే పనిని ఈ చట్టం కోసం దాని వ్యాపారంగానే లెక్కపెట్టాలని అందులో రాశారు. అంటే ప్రభుత్వం కూడా ఈ చట్టం దృష్టిలో ఒక యజమానే. పేరు పెట్టి బయట ఉంచింది సైనిక బలగాల వాళ్లని. గవర్నమెంట్ ఉద్యోగి అన్న ఒక్క కారణంతో ఎవరినీ తీసేయలేదు.

చూడాల్సింది ఇంకొకటి ఉంది, చేసే పని. చట్టం చివర రెండో షెడ్యూల్లో ఏయే పనులు చేసేవాళ్లకి వర్తిస్తుందో జాబితా ఇచ్చారు. ఇంజన్‌తో నడిచే వాహనాలు నడపడం, రిపేరు చేయడం అందులో మొదట్లోనే ఉంది. మీ ఆయన పని సరిగ్గా అదే. ఇంక వాదన దేనికి?

ఇప్పుడు లెక్క చూద్దాం, ఇది మీరు కాగితం మీద వేసుకుని పెట్టుకోండి. నెల జీతం ఎంతున్నా ఈ చట్టం కింద లెక్కలోకి వచ్చేది 15,000 వరకే, 2020 జనవరి నుంచి ఆ పరిమితి ఉంది. పూర్తి శాశ్వత వైకల్యానికైతే అందులో 60 శాతం, అంటే 9,000, దాన్ని వయసుని బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 40 ఏళ్లకి గుణకం 184.17. మొత్తం 16,57,530 రూపాయలు. బొటనవేలు పూర్తిగా పోతే మొదటి షెడ్యూల్ ప్రకారం సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. ఆ మొత్తంలో 30 శాతం అంటే 4,97,259 రూపాయలు. ఇది కనీసం అడగాల్సింది.

కనీసం అని ఎందుకంటున్నానంటే, మెకానిక్‌కి కుడిచేతి బొటనవేలు లేకపోతే స్పానర్ పట్టు ఉండదు. ఇంట్లో కూర్చుని చూస్తే అది ఒక వేలు, డిపోలో చూస్తే అది మొత్తం వృత్తి. ఎడమచెయ్యి మోచేతి పైవరకు తీసేసిన ఒక వడ్రంగి కేసులో, ఆ మనిషి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి అతనికి నూటికి నూరు శాతం నష్టమేనని సుప్రీంకోర్టు 1970లలోనే ఒప్పుకుంది. మీ ఆయన పాత పని చేయలేకపోతుంటే, లైట్ డ్యూటీకి మార్చి ఉంటే, ఆ ఆర్డరు కాపీ పెట్టి ఎక్కువ శాతం అడగండి. ఇస్తారా లేదా అన్నది సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది, కానీ అడగకపోతే ఆ ప్రశ్నే రాదు. సదరం సర్టిఫికెట్లో వేసే శాతం వేరు, ఈ శాతం వేరు. సదరం శరీరానికి ఎంత వైకల్యమో చెబుతుంది, ఇక్కడ కావాల్సింది సంపాదించే శక్తి ఎంత తగ్గిందని. చాలామంది సదరం కాగితం ఒక్కటే పట్టుకెళ్లి అక్కడితో ఆగిపోతారు.

ఈహెచ్ఎస్ కింద వైద్యం జరిగింది కాబట్టి పరిహారం ఉండదనే మాట కూడా తప్పు. వైద్యానికి యజమాని పెట్టిన ఖర్చుని పరిహారంగా లెక్కపెట్టకూడదని సెక్షన్ 4లోనే వివరణ ఉంది. పైపెచ్చు మందులకీ స్కానింగులకీ మీ చేతి నుంచి పెట్టిన డబ్బు, ఆ దెబ్బకి సంబంధించిందైతే, అదీ తిరిగి అడగొచ్చు. బిల్లులు పారేయకండి. సెలవులో వచ్చిన జీతం కూడా పోయిన వేలికి ఇచ్చిన పరిహారం కాదు.

ముందు డిపో మేనేజరుకి ఒక లేఖ రాయండి. తేదీ, టైము, ఏ బస్సు, ఏ పని, పక్కన ఎవరున్నారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎంత అడుగుతున్నారు. రెండో కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం, సీలు వేయించుకోండి. వేయం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ప్రమాదం జరిగిన రోజు రిజిస్టర్లో ఏం రాశారో సమాచార హక్కు కింద కాపీ అడగండి, కొన్నిచోట్ల 'ఇంట్లో తగిలిన దెబ్బ' అన్నట్టు రాసేస్తున్నారు, అది ముందే తెలిస్తే సరిచేసుకోవడానికి వీలుంటుంది. నెలలో స్పందన లేకపోతే కార్మిక శాఖ ఆఫీసులో కేసు వేయండి. మన రాష్ట్రంలో ఈ కేసులు విచారించే కమిషనర్లు కార్మిక శాఖ అధికారులే. మీరు ఎక్కడ నివాసం ఉంటే అక్కడే వేయొచ్చు, ప్రమాదం జరిగిన ఊరికి తిరగనక్కర్లేదు.

గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు, మీకైతే 2027 ఆగస్టు. అంతదాకా ఆగకండి. డబ్బు ఇవ్వాల్సిన నెల దాటాక ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, మీ మొత్తం మీద ఏడాదికి దాదాపు 60 వేలు. సరైన కారణం లేకుండా ఆపితే అసలులో 50 శాతం దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఆర్డరు మీద శాఖ హైకోర్టుకి వెళ్లాలన్నా ముందు మొత్తం డిపాజిట్ చేయాలి. ఈ సంగతి లేఖలోనే రాయండి, ఫైలు కదలడానికి పనికొస్తుంది.

ప్రశ్న: మా నాన్న ఒక ప్రభుత్వ శాఖలో జీపు డ్రైవరు. 50 ఏళ్లు. 2025 బ్రహ్మోత్సవాలప్పుడు వరసగా రాత్రీ పగలూ డ్యూటీ వేశారు. గరుడసేవ మరుసటి తెల్లవారుజామున జీపులోనే గుండెపోటు వచ్చి చనిపోయారు. శాఖవాళ్లు కొంత డబ్బిచ్చి, ఇంకేమీ అడగమని రాసి సంతకం పెట్టమంటున్నారు. అమ్మకి చదువు రాదు. పెట్టమంటారా?
— ఒక యువకుడు, చిత్తూరు

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు బాబూ. పెట్టేసి ఉన్నా భయపడకండి, కార్మికుడు తన పరిహార హక్కుని వదులుకున్నట్టు రాసిచ్చే ఒప్పందం చెల్లదని సెక్షన్ 17 చెబుతుంది. మరణం కేసుల్లో ఇంకో రక్షణ ఉంది, పరిహారం డబ్బు శాఖ నేరుగా కుటుంబం చేతికి ఇస్తే ఇచ్చినట్టు కాదు, కమిషనర్ దగ్గరే డిపాజిట్ చేయాలి. ముందస్తుగా మూడు నెలల జీతానికి మించకుండా ఇచ్చిందే లెక్కలోకి తీసుకుంటారు. ఈ నిబంధన పెట్టింది సరిగ్గా మీ అమ్మలాంటి వాళ్ల కోసమే. ఇంట్లో చావు జరిగిన వారంలో ఏ కాగితం ఏమిటో చదివే పరిస్థితిలో ఎవరూ ఉండరు.

గుండెపోటు ప్రమాదమా అన్నది అసలు ప్రశ్న, ఇక్కడ మిమ్మల్ని మభ్యపెట్టను. డ్యూటీలో ఉండగా గుండె ఆగితే చాలు డబ్బు వస్తుందని చట్టం అనదు. పని ఒత్తిడి వల్ల వచ్చింది, లేదా ఉన్న జబ్బుని పని ఒత్తిడి ముదిర్చింది అని చూపించాలి. సంబంధం చూపించలేక ఓడిపోయిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లినవి ఉన్నాయి. కాబట్టి మీ బలం అంతా జీపు లాగ్‌బుక్‌లో ఉంది. ఏ రోజు ఎన్ని గంటలకి బండి తీశారు, ఎప్పుడు ఆపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, మధ్యలో విశ్రాంతి ఉందా అన్నది నాన్నగారి చేతిరాతలోనే ఉంటుంది. డ్యూటీ చార్టు, పెట్రోలు ఇండెంట్లు, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో 'వెంటనే రండి' అని పెట్టిన మెసేజీలు, అన్నీ పనికొస్తాయి. ఫోను రీసెట్ చేయకండి, ఆ సిమ్ ఆపేయకండి. లాగ్‌బుక్ కాపీ ఇప్పుడే, ఈ వారమే, సమాచార హక్కు కింద అడగండి. పోస్టుమార్టం జరిగి ఉంటే ఆ రిపోర్టు, లేకపోతే ఆసుపత్రి ఇచ్చిన మరణ కారణం తీసుకోండి. అంతకుముందు నుంచీ బీపీ, షుగరు ఉంటే దాచొద్దు. జబ్బు ఉన్నవాడిని నిద్ర లేకుండా తిప్పారన్నది మీ వాదనకి అడ్డు కాదు, అదే మీ వాదన.

నిరూపణ అయితే మొత్తం ఇలా: 15,000లో సగం 7,500, 50 ఏళ్లకి గుణకం 153.09, వెరసి 11,48,175 రూపాయలు. వడ్డీ, అంత్యక్రియల ఖర్చు వేరు. ఫ్యామిలీ పెన్షన్, గ్రాట్యుటీ, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), గ్రూప్ ఇన్సూరెన్స్ ఇవేవీ ఇందులో తగ్గవు, అవి ఆయన సర్వీసుకీ కట్టిన ప్రీమియానికీ వచ్చేవి. కారుణ్య నియామకం కూడా వేరే దారి, దానికి మరణించిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవాలి. ఉద్యోగం ఇస్తున్నాం కదా కేసు ఎందుకు అని ఎవరైనా అంటే రెండూ వేర్వేరు హక్కులని మర్యాదగానే చెప్పండి. ఎక్స్‌గ్రేషియా అనేది ప్రభుత్వం దయతో ఇచ్చేది, పరిహారం చట్టం ప్రకారం బాకీ ఉన్నది.

లాయరు ఫీజు గురించి రాశారు. మీ అమ్మగారు మహిళ కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. చిత్తూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఒక అర్జీ రాసిస్తే లాయరుని పెడతారు. ఇంకో మాట, మరణం కేసుల్లో కమిషనర్‌కి ఏ విధంగా సమాచారం అందినా శాఖకి నోటీసు పంపి వివరణ అడిగే అధికారం సెక్షన్ 10-ఎ ఇస్తుంది. కేసు తయారయ్యేలోపు ఒక మామూలు ఉత్తరం రాసి పడేయండి.

ప్రశ్న: తలకోన వైపు అడవిలో ఎండాకాలం నిప్పు ఆర్పే పనికి రోజు కూలికి వెళ్తాను. 2025 మార్చిలో మంటల్లో రెండు చేతులూ కాలాయి, వేళ్లు ముడుచుకుపోయి పిడికిలి పట్టడం లేదు. నాకు ఆర్డరు కాగితం ఏమీ లేదు. 'నువ్వు మా ఉద్యోగివే కాదు' అంటున్నారు.
— చంద్రగిరి ప్రాంతం నుంచి

జవాబు: అన్నా, మీ పని పేరు పెట్టి చట్టంలో ఉంది. అడవి మంటలు అదుపు చేసేవాళ్లు, ఆర్పేవాళ్లు అని రెండో షెడ్యూల్లో రాసి ఉంది, అడవి జంతువులని పట్టే పనుల్లో ఉన్నవాళ్లకీ ఉంది, పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల డ్యూటీకి వెళ్లేవాళ్లు ఇది గమనించాలి. పూర్వం అప్పుడప్పుడూ పిలిచే కూలీలని, అది యజమాని వ్యాపారానికి సంబంధించిన పని కాకపోతే, చట్టం పక్కనబెట్టేది. 2000లో చేసిన సవరణలో ఆ మాట తీసేశారు. ఆర్డరు కాగితం లేకపోవడం మీ తప్పు కాదు, దానివల్ల హక్కు పోదు కూడా.

మీరు ఆ రోజు ఆ పనిలో ఉన్నారని చూపించాలి, అంతే. మస్టరు రోల్, బ్యాంకు ఖాతాలో పడిన కూలి డబ్బు, తోటి కూలీల మాట, మంటల దగ్గర తీసి గ్రూపులో పెట్టిన ఫోటోలు, రుయా ఆసుపత్రిలో చేర్చినప్పుడు రాసిన కేసు షీటు. కేసు షీటులో 'అడవిలో మంటలు ఆర్పుతుండగా' అని ఉందో లేదో చూడండి. కాంట్రాక్టరు ద్వారా పంపి ఉంటే సెక్షన్ 12 ప్రకారం అసలు పని ఎవరిదో వాళ్లే, అంటే శాఖే, మొదట చెల్లించాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వాళ్లు వసూలు చేసుకుంటారు. కాంట్రాక్టరు ఎక్కడున్నాడో వెతికే పని మీది కాదు.

కాలిన చేతులకి షెడ్యూల్లో శాతం రాసి లేదు కాబట్టి డాక్టరు అంచనా వేయాలి. ఎముకలు, ప్లాస్టిక్ సర్జరీ చూసే ప్రభుత్వ డాక్టరు దగ్గర, మీరు చేసే పని ఏమిటో చెప్పి, ఆ పనికి ఎంత నష్టమో రాయించుకోండి. మీకు గడువు 2027 మార్చితో అయిపోతుంది. వచ్చే ఎండాకాలం దాకా చూద్దాం అనుకోవద్దు.

ప్రశ్న: మా తమ్ముడు లైన్‌మన్. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో సప్లై ఆపామన్న అనుమతి) తీసుకున్నామనుకుని పోల్ ఎక్కాడు, అవతలి ఫీడరు నుంచి సప్లై వచ్చి షాక్ కొట్టి చనిపోయాడు. గ్లవ్స్ వేసుకోలేదు కాబట్టి నిర్లక్ష్యం అతనిదే అని రిపోర్టు రాశారు.
— శ్రీకాళహస్తి

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలా బాధేసింది. విద్యుత్ సంస్థ కంపెనీ అయినా, ప్రభుత్వ శాఖ అయినా ఈ విషయంలో చట్టం ఒకటే. రిపోర్టులో నిర్లక్ష్యం అని రాసినంత మాత్రాన పరిహారం పోదు. తాగి ఉండటం, కావాలని భద్రతా నిబంధన మీరడం, రక్షణ పరికరాలు కావాలని తీసేయడం, ఈ మూడే యజమానికి సాకులు. ఆ సాకులు కూడా చావు జరిగితే, లేదా పూర్తి శాశ్వత వైకల్యం వస్తే చెల్లవు, సెక్షన్ 3లో అలాగే రాశారు. ఎందుకంటే ఈ చట్టంలో తప్పెవరిదన్నది ప్రశ్నే కాదు. పనిలో, పని వల్ల జరిగిందా, అంతవరకే.

గ్లవ్స్ వేసుకోలేదు అంటున్నారు, అసలు ఇచ్చారా? స్టోర్స్ రిజిస్టర్లో అతని సంతకం ఉందా? అడగండి. ఎల్‌సీ ఎవరు ఇచ్చారు, సబ్‌స్టేషన్ లాగ్‌షీటులో ఏ టైముకి ఏ ఫీడరు ఆపినట్టు ఉంది, ఇవి పరిహారానికి అవసరం లేకపోయినా ఎఫ్‌ఐఆర్‌లో బాధ్యులని తేల్చడానికి అవసరం. ప్రాణం పోయినవాడి మీద తప్పు రాసి ఊరుకుంటే రేపు అదే ఫీడరు మీద ఇంకొకరు ఎక్కుతారు. విద్యుత్ తనిఖీ అధికారి నివేదిక కాపీ కూడా తీసుకోండి.

ప్రశ్న: నేను టీచరుని. 2024 మే 13న పోలింగ్ డ్యూటీ చేసి, ఈవీఎంలు అప్పగించి అర్ధరాత్రి ఇంటికి వస్తుంటే ఆటో గుద్ది కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తున్నా. సెలవు మొత్తం నా ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) నుంచి కోశారు.
— పుత్తూరు

జవాబు: టీచరు పని రెండో షెడ్యూల్లో లేదండీ, కాబట్టి ఈ చట్టం కింద మీకు దారి లేదు. కానీ మీకు వేరే మూడు దారులున్నాయి, ఒక్కటీ వాడినట్టు లేరు.

మొదటిది ఎన్నికల సంఘం ఎక్స్‌గ్రేషియా. ఎన్నికల డ్యూటీకి ఇల్లు దాటినప్పటి నుంచి తిరిగి ఇంటికి చేరేదాకా, ట్రైనింగ్ రోజులతో సహా, డ్యూటీ కిందే లెక్క. మరణానికి కనీసం 15 లక్షలు, అవయవం పోవడం, చూపు పోవడం లాంటి శాశ్వత వైకల్యానికి కనీసం 7.5 లక్షలు. మీ కాలు ఆ కోవలోకి వస్తుందా అన్నది మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తేలుస్తుంది. జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టరు గారికి, డ్యూటీ ఆర్డరు, ఈవీఎంలు అప్పగించిన రసీదు, ఎఫ్‌ఐఆర్ పెట్టి రాయండి.

రెండోది సెలవు. ప్రభుత్వ ఉద్యోగికి డ్యూటీ చేస్తుండగా, లేదా డ్యూటీ వల్ల గాయమైతే ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్స్ అనే సర్వీసు నియమాలు) 83 కింద స్పెషల్ డిజెబిలిటీ లీవ్ ఉంది. 24 నెలల దాకా ఇవ్వొచ్చు, మొదటి నాలుగు నెలలు పూర్తి జీతం, మిగతాది సగం జీతం, మీ లీవ్ ఖాతాలోంచి కోయరు. దీని గురించి మన స్టాఫ్ రూముల్లో ఎవరూ మాట్లాడరు, ఆఫీసువాళ్లు కూడా అలవాటుగా ఈఎల్ లేదా మెడికల్ లీవ్ రాసేస్తారు. వాడిన సెలవుని ఈ సెలవుగా మార్చమని, కోసిన ఈఎల్ తిరిగి ఖాతాలో వేయమని డీడీఓ (మీ జీతం బిల్లు పెట్టే అధికారి) ద్వారా రాయండి. ప్రమాదం ఎన్నికల డ్యూటీలోనే జరిగిందని సర్వీస్ రిజిస్టర్లో ఎంట్రీ వేయించుకోండి, రేపు ఆ కాలు మళ్లీ ఇబ్బంది పెడితే ఆ ఒక్క లైనే ఆధారం.

మూడోది ఆటో ఇన్సూరెన్స్ మీద మోటారు ప్రమాద ట్రిబ్యునల్లో కేసు. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఆరు నెలల గడువు పెట్టారు, మీకది దాటిపోయింది. అయితే ఆ గడువు చెల్లుతుందా అన్న వ్యవహారం సుప్రీంకోర్టు ముందుంది, అది తేలేదాకా గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ఒక మంచి మోటారు కేసుల లాయరుని ఆలస్యం చేయకుండా కలవండి. ఇదే సందర్భంలో డ్రైవర్లు, కండక్టర్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి, రోడ్డు ప్రమాదంలో మోటారు చట్టం, కాంపెన్సేషన్ చట్టం రెండూ వర్తిస్తే ఏదో ఒకటే ఎంచుకోవాలి. అవతలి బండిది తప్పని గట్టి సాక్ష్యం ఉంటే ట్రిబ్యునల్లో ఎక్కువ రావచ్చు, అక్కడ 15 వేల పరిమితి లేదు. తప్పు మీవైపు ఉంటే కాంపెన్సేషనే నయం.

ప్రశ్న: మున్సిపాలిటీలో అవుట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికురాలిని. చెత్త బండి తలుపు పడి చెయ్యి విరిగింది. నాకు ఏది వర్తిస్తుంది?
— తిరుపతి

జవాబు: అమ్మా, జీతం స్లిప్పులో ఈఎస్ఐ (కార్మికుల బీమా) కింద 0.75 శాతం కోస్తున్నారా చూడండి. కోస్తుంటే మీరు ఈఎస్ఐ కిందకి వస్తారు, అప్పుడు కాంపెన్సేషన్ కేసు వేయడానికి వీల్లేదు, బదులుగా పని చేయలేని రోజులకి జీతంలో దాదాపు 90 శాతం, శాశ్వత నష్టం ఉంటే జీవితాంతం నెలనెలా డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. పని ప్రమాదానికి ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. కోసి కట్టకపోతే ఆ తప్పు యజమానిది, ఈఎస్ఐ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. ఈఎస్ఐ అసలు లేకపోతే పైన చెప్పిన కాంపెన్సేషన్ దారే.

మీ తోటివాళ్లకి ఒక మాట చెప్పండి. మ్యాన్‌హోల్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగమంటే దిగొద్దు. దింపడం నేరం. అందులో చనిపోతే 30 లక్షలు, శాశ్వత వైకల్యం వస్తే కనీసం 20 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ప్రశ్న: కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాక పాత చట్టం లేదంటున్నారు. డ్యూటీకి బైకు మీద వెళ్తూ పడినా పరిహారం వస్తుందా?
— రేణిగుంట

జవాబు: 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, 1923 చట్టం అందులో కలిసిపోయింది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకి పాత చట్టం కింద వచ్చిన హక్కులే ఉంటాయి, అందుకే పైన జవాబులన్నీ పాత సెక్షన్లతోనే ఇచ్చాను. తర్వాత జరిగినవాటికి కోడ్‌లోని ఏడో అధ్యాయం చూడాలి. పనుల జాబితా పద్ధతి అందులోనూ ఉంది, సైనిక బలగాలని మినహాయించడం అందులోనూ ఉంది.

ఇంటి నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి ఇంటికి వచ్చే దారిలో ప్రమాదం జరిగితే, ఆ సమయానికీ చోటుకీ ఉద్యోగానికీ సంబంధం కనిపిస్తే, అది పనిలో జరిగినట్టేనని కోడ్ నేరుగా చెబుతోంది. పాత కేసులకీ 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇదే దారి చూపింది, మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీకి తెల్లవారుజాము డ్యూటీకి వెళ్తూ చనిపోయిన వాచ్‌మన్ కేసులో. సంబంధం అంటే, ఆరింటి షిఫ్టుకి రేణిగుంట నుంచి తిరుపతి రోడ్డు మీద ఐదున్నరకి పడితే ఉంది. మధ్యలో సొంత పని మీద వేరే ఊరు వెళ్లి అక్కడ పడితే వాదన బలహీనపడుతుంది. మీరు ఏ పని చేస్తారో రాయలేదు, అది తెలియకుండా మీకు వస్తుందో రాదో చెప్పలేను. పోస్టు పేరు, రోజూ చేసే పని, షిఫ్టు టైము, ప్రమాదం జరిగిన చోటు రాసి పంపండి, వచ్చే సంచికలో జవాబిస్తాను.